చేరేముందు రాసుకున్న మాట

ఏ హాస్టల్‌లోనైనా జూన్ నెలలో ఒక దృశ్యం కనిపిస్తుంది. ట్రంకు పెట్టె, ప్లేటు, గ్లాసు పట్టుకొని కొత్త పిల్లవాడు గుమ్మంలో నిలబడతాడు. ఏ గదిలో ఉండాలో, కొళాయి దగ్గర ఎన్నో వంతో అప్పటికే లోపల ఉన్నవాళ్లు చెప్తారు. అతడు తల ఊపుతాడు. లోపలికి రావడమే ముఖ్యం కదా! మేమందరం అలా తల ఊపి వచ్చినవాళ్లమే. మా ఇళ్లలో డిగ్రీ పట్టా చూసిన మొదటి తరం మేము. పీజీలో యూరోపియన్ యూనియన్ గురించి చదువుతున్నప్పుడు, కొత్త దేశాలను చేర్చుకునే రాజకీయం మాకు కొత్తగా అనిపించలేదు. ముందు ఆ కొళాయి వరుస గుర్తొచ్చింది. తర్వాత మన రాయలసీమ గుర్తొచ్చింది.

1993లో కోపెన్‌హేగన్‌లో సమావేశమైన యూరప్ నాయకులు, చేరదలచిన దేశాలకు మూడు పరీక్షలు పెట్టారు. ప్రజాస్వామ్యం, చట్టబద్ధ పాలన, మైనారిటీల రక్షణ ఉండాలన్నది మొదటిది. పోటీకి తట్టుకునే మార్కెట్ ఆర్థిక వ్యవస్థ రెండోది. యూనియన్ చట్టాలను అమలు చేయగల శక్తి మూడోది. ఇవన్నీ పాసైనా పాత సభ్యులందరూ ఒప్పుకోవాలి. ఒక్కరు కాదన్నా తలుపు మూతే. గ్రీసు అభ్యంతరం తీర్చడానికి మాసిడోనియా 2019లో తన పేరునే ఉత్తర మాసిడోనియాగా మార్చుకుంది. మరుసటి ఏడాదే బల్గేరియా అడ్డుపడింది. టర్కీ 1987లో దరఖాస్తు పెట్టింది. చర్చలు మొదలయ్యేసరికి 2005 వచ్చింది. ఇంకా గుమ్మంలోనే ఉంది.

2004 మే 1న పది దేశాలు ఒకేసారి చేరాయి. వాటిలో పోలండ్ ఒకటి. అక్కడి రైతుకు మొదటి ఏడాది యూనియన్ నిధి నుంచి నేరుగా వచ్చిన సాయం పాత దేశాల రైతుల స్థాయిలో 25 శాతమే. పని కోసం వచ్చే కొత్త దేశాల వాళ్లపై ఏడేళ్ల దాకా ఆంక్షలు పెట్టుకునే వీలు పాత దేశాలకు దక్కింది. జర్మనీ వాటిని 2011 వరకు ఎత్తెయ్యలేదు. ఇది పెద్దవాళ్ల పెత్తనమే, కాదనం. అయితే ఒక సంగతి గమనించాలి. 25 శాతం అన్న అంకె, ఏడేళ్లు అన్న గడువు ఒప్పందంలోనే ఉన్నాయి. మాట తప్పితే అడగడానికి న్యాయస్థానం ఉంది. గడువు తీరగానే తలుపు తెరుచుకుంది.

ఇప్పుడు మన వైపు చూద్దాం. 1800లో నిజాం ఇంగ్లీషు కంపెనీకి అప్పగించగా దత్తమండలాలైన నేల మనది. 1928 నంద్యాల సభల్లో దానికి రాయలసీమ అన్న పేరు వచ్చింది. కోస్తా నాయకులు ఆంధ్ర రాష్ట్రం కావాలని అడుగుతుంటే మన పెద్దలు వెనకాడారు. అక్కడ కాలువలు, కాలేజీలు ఉన్నాయి. ఇక్కడ కరువు ఉంది. పెద్దన్న ఇంట్లో చేరితే మన పళ్లెంలో ఏం పడుతుందన్న భయం వాళ్లది. ఆ భయం తీర్చడానికే 1937 నవంబర్ 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు శ్రీబాగ్‌లో ఒప్పందం రాసుకున్నారు. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం ఇవ్వాలి. తుంగభద్ర, కృష్ణ, పెన్నా నీళ్లలో పదేళ్లు, అవసరమైతే అంతకు మించి కూడా సీమకు ప్రాధాన్యం ఉండాలి. రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో కోరుకునే హక్కు సీమది. మన జిల్లా నుంచి కల్లూరు సుబ్బారావు, పప్పూరు రామాచార్యులు గార్లు సంతకం చేశారు.

ఏం జరిగింది? 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. ఆ మాట నిలబడింది, కానీ మూడేళ్లే. 1956 నవంబర్ 1న రాజధాని హైదరాబాదుకు పోయింది. 1954లో తిరుపతిలో విశ్వవిద్యాలయం పెట్టినా, అనంతపురానికి 1968లో పీజీ కేంద్రం మాత్రమే దక్కింది. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981లో వచ్చింది, అంటే సంతకాలైన 44 ఏళ్లకు! తుంగభద్ర ఎగువ కాలువ జిల్లాలో కొంత భాగాన్ని తడిపింది. హంద్రీ-నీవా నీళ్లు జీడిపల్లి చేరేసరికి 2012 అయింది. ఈలోగా మన ముదిగుబ్బ మెట్టల్లో చెనక్కాయ విత్తినవాళ్లు మబ్బు వైపే చూశారు. మబ్బు మోసం చేసిన ఏడు బెంగళూరు బస్సెక్కారు.

తెలంగాణ కథా ఇలాంటిదే. 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం జరిగింది. రక్షణలు అమలు కాలేదన్న ఆవేదన 1969లో ఉద్యమమైంది. చివరికి 2014 జూన్ 2న దారులు వేరయ్యాయి.

కాబట్టి మా అభిప్రాయం ఇది. ఏ కలయికలోనైనా చేరేవాడికి బలం ఉండేది చేరే ముందు రోజు వరకే. ఆ తర్వాత అతని మాట లెక్కకు రావాలంటే పెద్దమనుషుల మంచితనం చాలదు. అంకె, గడువు, అడిగే చోటు మూడూ చట్టంలో ఉండాలి. శ్రీబాగ్ ఒప్పందంలో మంచి మాటలు ఉన్నాయి. కానీ అది చట్టం కాలేదు.

అయితే మనం ఆగి ఆలోచించాల్సిన మాట ఇంకొకటి ఉంది. 1937 నాటికి ఆస్తో, పన్నో, చదువో ఉన్నవాళ్లకే ఓటు. మా ముత్తాతలకు ఆ మూడూ లేవు. సీమ తరఫున సంతకాలు జరిగాయి, మా వాడను ఎవరూ అడగలేదు. నీళ్లు వస్తే ఎవరి చేనికి ముందు వస్తాయి? సెంటు భూమి లేనివాడికి కాలువ ఏమిస్తుంది? భాషా రాష్ట్రాలపై 1955లో రాసిన పుస్తకంలో అంబేద్కర్ గారు ఈ సంగతే హెచ్చరించారు. ఒకే భాష వాళ్ల రాష్ట్రంలో పెద్ద కులాల పెత్తనం కింద చిన్న కులాలు నలిగిపోకుండా రక్షణలు ఉండాలన్నారు. ఎంత పెత్తనం చేసినా, నీ ఇంట్లో తక్కువమంది ఉన్నవాళ్లను ఎలా చూస్తున్నావని యూరప్ వాళ్లు కొత్త దేశాన్ని కాగితం మీదైనా అడిగారు. శ్రీబాగ్ గదిలో ఆ ప్రశ్న లేదు. నేడు సీమకు న్యాయం కావాలని అడిగే మనం, సీమ లోపలి న్యాయం గురించి కూడా అడగాలి. ఆ రెండో ప్రశ్న లేకుంటే మొదటిది మనది కాదు.

'విడిపోతే సరి' అనే మిత్రులతో మేము ఏకీభవించం. గీత గీసినంత మాత్రాన గీతకు ఇవతల సమానత్వం మొలవదు. 2022లో మన మండలం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. బోర్డు మీద పేరు మారింది, బోరులో నీటిమట్టం మారలేదు.

మిత్రులారా, పెద్ద ఒప్పందాలు మన చేతిలో లేవు. కానీ కొళాయి మన చేతిలో ఉంది. వచ్చే జూన్‌లో గుమ్మంలో నిలబడే తమ్ముడికి నోటిమాటతో వంతు చెప్పకండి. గది, నీళ్లు, పుస్తకాల వంతు కాగితం మీద రాసి నోటీసు బోర్డుకు అంటించండి. రాసేటప్పుడు ఆ తమ్ముణ్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. పాత విద్యార్థులుగా మేమూ వచ్చి చూస్తాం.