వాస్తు సరే, వాసనో?

ఫ్లాటు కొంటున్నామని మా పిన్ని కూతురు నన్నూ పటాన్‌చెరు లాక్కెళ్ళింది. మొగుడూ పెళ్ళాలు ఈశాన్యం చూశారు, వంటిల్లు ఏ మూలనుందో చూశారు. బోరు నీళ్ళెలా ఉంటాయని అడిగితే ఒట్టు!

"ట్యాంకరొస్తుందిటక్కా" అంది తాపీగా.

ఎందుకొస్తోందో అడగొద్దూ? ఫ్యాక్టరీల మురుగుతో నక్కవాగు పాడైందని 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలే నీళ్ళు పరీక్షిస్తే, మాత్ర మింగిన రోగి రక్తంలో కంటే ఎక్కువ సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. శుద్ధి చేశాక సుమండీ! ఇప్పుడెలా ఉన్నాయో అడగడానికి సిగ్గెందుకు? వాస్తు పండితుడికి దక్షిణ ఇచ్చిన చేత్తోనే ఓ సీసాడు నీళ్ళు పరీక్షకి పంపకూడదూ?

"ఘాటు వాసన ముసిరేది రాత్రిళ్ళేనే. పదింటికోసారి వెళ్ళి, కిటికీ తీసి గాలి పీల్చి రండి" అన్నాను.

"చీకట్లో ఇల్లేం కనిపిస్తుందక్కా?" అంది.