తెరమీది కుంచె

చిత్రకళ మిగుల ప్రాచీనమైనది. కొండగుహలలో నివసించిన కాలమునందే మానవుడు ఎఱ్ఱమన్నును బొగ్గును చేతబట్టి రాతిగోడలపై జంతువుల బొమ్మలను గీసెను. కాలక్రమమున గోడకు బదులు పటమును, వ్రేలికి బదులు కుంచెయు వచ్చినవి. ఇప్పుడు పటమునకు మారుగా కంప్యూటరు తెరయు, కుంచెకు మారుగా ఒక కలమును వచ్చినవి. ఈ విధమైన చిత్రరచనను డిజిటల్ చిత్రలేఖనమందురు. కళాశాలకు పోకయే, గురువు నాశ్రయింపకయే దీనిని ఏండ్ల తరబడి స్వయముగా అభ్యసించువారు పెక్కుమంది కలరు. వారి శ్రమ సార్థకమా? యంత్రమే సర్వమును చేసిపెట్టుచుండగా మనుష్యుడు నేర్వవలసినదేమున్నది? ఈ ప్రశ్నలు విచారింపదగినవి.

యంత్రము సర్వమును చేసిపెట్టుననుట పొరపాటు. ఈ విద్య నారంభించిన వానికి మొదటి దినముననే ఆ సంగతి తెలియును. చేయి బల్లమీది పలకపై గీయుచుండును. గీత కంటి యెదుటి తెరపై పడుచుండును. చూపు ఒకచోట, చేయి వేరొకచోట! ఈ రెంటికిని పొత్తు కుదురుటకే కొన్ని వారములు పట్టును. రంగుల సంగతియు నిట్టిదే. తెరమీది రంగు వెలుగుచే ఏర్పడునది. ఎఱ్ఱని వెలుగును ఆకుపచ్చని వెలుగును కలిసినచో పసుపు పుట్టును. అవే రంగులను గిన్నెలో కలిపినచో మురికి గోధుమవన్నె మిగులును. ఇట్టి భేదములను ఎవరికి వారు చేసి చూచి గ్రహింపవలసినదే.

మంచి పనిముట్లు లేవని విచారించువారు జపాను దేశస్థుడైన తాత్సువో హోరియుచి వృత్తాంతమును తెలిసికొనవలెను. ఉద్యోగ విరమణకాలము సమీపించినపుడు, 2000 ప్రాంతమున, ఆయనకు చిత్రములు వేయవలెనను కోరిక కలిగెను. చిత్రరచనకై తయారైన సాధనములు అధికమైన వెల గలవి. ఆయన కంప్యూటరులో ఎక్సెల్ ఉండెను. అది లెక్కలకును పట్టికలకును ఉద్దేశింపబడినది. అయినను అందులో గీతలు గీయుటకును, ఆకృతులకు రంగు నింపుటకును వీలు కలదు. అది చాలునని ఆయన తలంచెను. పదేండ్లలో ఇతరులకు చూపదగిన చిత్రము వేయవలెనని సంకల్పించి పనికి పూనుకొనెను. ఆకృతిపై ఆకృతిని పేర్చి, కొండలను, చెట్లను, పూవులను చిత్రించెను. 2006లో ఎక్సెల్ చిత్రముల పోటీలో విజేతయయ్యెను. ఆయనను చిత్రకారునిగా చేసినది పట్టుదలయే.

ఇంగ్లండు దేశపు చిత్రకారుడు డేవిడ్ హాక్నీ కథ వేరు. 1937లో జన్మించిన ఆయన కళాశాలలో చదివి, అర్ధశతాబ్దికి పైగా చిత్రములు వేసినవాడు. 2009లో ఫోను మీదను, 2010 నుండి ఐప్యాడు మీదను వ్రేలితో చిత్రించుట ప్రారంభించెను. 2012లో లండను రాయల్ అకాడమీ ప్రదర్శనమున ఆ చిత్రములు పెద్ద పటములుగా వెలసెను. కొత్త సాధనము ఆయనకు త్వరలోనే వశమైనది. చూచుట ఆయనకు అంతకుముందే వచ్చియుండెను. చూచుట రానివానికి సాధనము వశమైనను చిత్రము వశము కాదు.

గురువు లేని విద్య యనగానే ఏకలవ్యుడు జ్ఞప్తికి వచ్చును. కాని విలుకానికి ఒక సౌకర్యము కలదు. బాణము గురి తప్పినచో ఆ తప్పు అతని కన్నుల యెదుటనే యుండును. చిత్రకారుని తప్పు అట్లు బయటపడదు. ఒకే బొమ్మను గంటలకొలది చూచిన కన్ను దాని వంకరకు అలవాటు పడిపోవును. కావున స్వయముగా నేర్చువాడు తన గురిని తానే నిలుపుకొనవలెను. ఇంటిలోని చెంబును, వాకిటి చెట్టును ఎదుట నుంచుకొని గీసి, గీసినదానిని వస్తువుతో సరిచూచుకొనవలెను. చిత్రమును అద్దములో చూచినచో దోషములు తెలియునని లియొనార్డో డా విన్చీ ఏనాడో వ్రాసిపెట్టెను. నేటి తెరపై ఒక్క మీట నొక్కినంతనే చిత్రము కుడియెడమలుగా తిరుగును. సాధనము మారినను ఉపాయము మారలేదు.

తెరపై మరియొక మీట కలదు. దానిని నొక్కినచో గీసిన గీత మాయమగును. ఇది వరమువలె తోచును గాని, అభ్యాసికి దీనివలన కీడును కలదు. కాగితముపై గీయువాడు గీతకు ముందు ఆలోచించును; తెరపై గీయువాడు గీత తరువాత చెరిపివేయును. చెరుపుట సులభమైనచోట జాగ్రత్త సన్నగిల్లును. అంతేకాదు, తప్పుతోపాటు తప్పు యొక్క జాడయు నశించును. తన తప్పుల జాడలు లేనివాడు తన అభివృద్ధిని ఎట్లు కొలుచుకొనగలడు? కావున మొదటి సంవత్సరపు బొమ్మలు ఎంత వికారముగా నున్నను, తేదీ వేసి దాచుకొనుట మేలు.

2022 నుండి మరియొక సందేహము బలపడినది. కోరిన బొమ్మను మాటలలో చెప్పినచో యంత్రమే క్షణములో చిత్రించి యిచ్చు సాధనములు ఆ సంవత్సరమున సామాన్య జనులకు అందుబాటులోనికి వచ్చినవి. చిత్రములు వేసి జీవించువారి భయము అకారణమైనది కాదు. దానిని తేలికగా త్రోసిపుచ్చుట న్యాయము కాదు. అయినను నేర్చుకొనువాని లాభము బొమ్మతో ముగియునది కాదు. చింతచెట్టును నూరుసార్లు గీసినవానికి చింతచెట్టు తెలియును. దాని నీడ ఉదయమున నొక రంగుగను, సాయంకాలమున నొక రంగుగను ఉండునని తెలియును. ఆ ఎరుకను ఏ యంత్రమును ఇయ్యజాలదు. ఒకరు నడిచినచో వేరొకరి కాళ్ళకు బలము వచ్చునా?

కావున చిత్రకళయందు ఆసక్తి గల బాలబాలికలు ఖరీదైన సాధనములకై ఎదురుచూడ నక్కరలేదు. పెన్సిలును కాగితమును ఉన్నచో నేడే ఆరంభింపవచ్చును. కంప్యూటరు లభించిననాడు ఆ అభ్యాసము వృథా పోదు. ఆనాడు క్రొత్తగా నేర్వవలసినది తెరను గురించి మాత్రమే. చూచుట అప్పటికే నేర్చియుందురు.