మతం చూసి ఇల్లు అద్దెకివ్వనంటే కేసు పెట్టొచ్చా? చట్టంలో ఉన్న ఖాళీ ఇదీ

ఫ్లాట్ నచ్చింది. అద్దె కుదిరింది. అడ్వాన్సు పంపేద్దామని ఫోన్ చేస్తే ఓనర్ పేరు అడిగి ఒక్క క్షణం ఆగుతారు. ‘ఇప్పుడే వేరేవాళ్లకి ఇచ్చేశామండీ’ అంటారు. వారం తర్వాత చూసినా టు-లెట్ బోర్డు అదే గేటుకు వేలాడుతూ ఉంటుంది. హైదరాబాద్‌లో అద్దె ఇంటి కోసం తిరిగిన ముస్లిం కుటుంబాలకు ఈ సంభాషణ కొత్త కాదు. మరి ఇది చట్టవిరుద్ధం కాదా?

కేవలం మతం కారణంగా ఇల్లు ఇవ్వకపోతే ఓనర్‌ను నేరుగా బాధ్యుణ్ని చేసే కేంద్ర చట్టం మన దగ్గర లేదు.

రాజ్యాంగం ఉంది కదా?

ఉంది. మతం, కులం, లింగం, జన్మస్థలం వంటి కారణాలతో వివక్ష చూపకూడదని 15వ అధికరణ చెబుతోంది. కానీ అందులోని మొదటి క్లాజు ఆ మాట చెప్పింది ప్రభుత్వానికి. రెండో క్లాజు ప్రైవేటు వ్యక్తులకూ వర్తిస్తుంది. అయితే దాని జాబితాలో ఉన్నవి దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాలు, ప్రజలు వాడుకునే బావులు, చెరువులు, రోడ్ల వంటివి. ఇల్లు లేదు. ప్రైవేటు ఉద్యోగమూ లేదు. 16వ అధికరణ ప్రభుత్వ ఉద్యోగాల దగ్గరే ఆగిపోతుంది.

ఈ ఖాళీ ఎంత పెద్దదో 2005లో తేలింది. అహ్మదాబాద్‌లోని ఓ పార్సీ హౌసింగ్ సొసైటీ తమవాళ్లకు తప్ప ఎవరికీ సభ్యత్వం ఇవ్వబోమని నిబంధన పెట్టుకుంది. అది చెల్లుతుందని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. సంఘం పెట్టుకునే స్వేచ్ఛ సభ్యులకు ఉందని, 15వ అధికరణ ప్రైవేటు సొసైటీకి అడ్డు కాదని కోర్టు ఉద్దేశం. చిన్న సమాజం తన ఉనికి కాపాడుకోవడం వేరు, మహానగరంలో అపార్ట్‌మెంట్ తలుపు మూసేయడం వేరు. తీర్పు మాత్రం రెంటికీ ఒకటే దారి తెరిచింది.

ఇక్కడో విచిత్రం చూడండి. హెచ్ఐవీ ఉందని ఇల్లు అద్దెకివ్వకపోవడాన్ని 2017 చట్టం నిషేధించింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల విషయంలో 2019 చట్టమూ అదే చెప్పింది. అంటరానితనం పేరుతో ఎవరినైనా ఒక ప్రాంతంలో నివాసం ఉండనివ్వకపోవడం 1955 నుంచే నేరం. అంటే ఓనర్ ఇష్టానికి హద్దులు పెట్టడం మన పార్లమెంటుకు కొత్తేమీ కాదు. మతం దగ్గరకొచ్చేసరికే ఆగింది.

మార్చే ప్రయత్నాలు జరగలేదా?

జరిగాయి. సమాన అవకాశాల కమిషన్ కావాలని 2006లో సచార్ కమిటీ సిఫార్సు చేసింది. మాధవ మీనన్ నేతృత్వంలోని నిపుణుల బృందం 2008లో ముసాయిదా బిల్లు కూడా ఇచ్చింది. ఎంపీ శశి థరూర్ 2017లో లోక్‌సభలో ప్రైవేటు బిల్లు పెట్టారు. మతం, కులం, లింగం సహా అనేక కారణాలతో జరిగే వివక్షను ఒకే చట్టం కిందకు తేవడం దాని ఉద్దేశం. పైకి అందరికీ ఒకేలా కనిపించినా కొందరినే దెబ్బతీసే షరతులనూ పరోక్ష వివక్షగా లెక్కించింది. ‘వెజ్ ఓన్లీ’ బోర్డుపై చర్చ మొదలయ్యేది అక్కడే. 2019లో సభ గడువుతో పాటే బిల్లూ మురిగిపోయింది. 1970 తర్వాత ప్రైవేటు బిల్లు ఏదీ చట్టం కాలేదు కాబట్టి ఆశ్చర్యం లేదు.

నా ఇల్లు, నా ఇష్టం కాదా?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. దీనికి అమెరికా 1968లోనే ఓ మధ్యేమార్గం చూసింది. ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం మతం చూసి ఇల్లు నిరాకరించకూడదు. నాలుగు వాటాలకు మించని ఇంట్లో ఓనర్ కూడా ఉంటుంటే మినహాయింపు ఉంది. అప్పుడైనా ‘ఫలానా మతంవారికే’ అని ప్రకటన ఇవ్వకూడదు. డాలస్‌లో ఇల్లు వెతికే తెలుగువాళ్లకు ఉన్న ఈ రక్షణ ఇక్కడ కూకట్‌పల్లిలో లేదు.

ఇప్పుడు ఏం చేయొచ్చు?

జాతీయ మైనారిటీ కమిషన్‌కు, రాష్ట్ర కమిషన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. జాతీయ కమిషన్‌కు విచారణలో సివిల్ కోర్టు అధికారాలు ఉన్నాయి గానీ, చివరికి ఇచ్చేది సిఫార్సే. వాట్సాప్ మెసేజ్‌లు, ప్రకటనల స్క్రీన్‌షాట్లు దాచుకోండి. ఫోన్‌లో చెప్పిన మాటను నిరూపించడం కష్టం.

కేంద్రం కదిలేదాకా ఆగాల్సిన పనీ లేదు. ఓనర్లు, అద్దెదారుల సంబంధాలు రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలోనే ఉన్నాయి. అద్దె చట్టంలో వివక్షపై ఓ సెక్షన్ చేర్చే అధికారం హైదరాబాద్, అమరావతి అసెంబ్లీలకు ఉంది.