ఎయిర్‌బ్యాగు దీపము

కారు తాళము త్రిప్పగానే డాష్‌బోర్డుపై ఎయిర్‌బ్యాగు దీపము వెలిగి, కొద్ది సెకండ్లలో ఆరిపోవలెను. ఆరకున్నచో ఆ వ్యవస్థలో లోపమున్నదని అర్థము. అసలు వెలుగనే వెలుగని దీపమును మరింత అనుమానింపవలెను. ఎవరో బల్బునే తీసివేసి యుండవచ్చును.

మన దేశమున 2019 జూలై 1 నుండి కొత్త కార్లలో డ్రైవరుకు, 2022 జనవరి 1 నుండి ప్రక్క సీటుకును ఎయిర్‌బ్యాగు తప్పనిసరి యైనది. ఆ కార్లు ఇప్పుడు చేతులు మారి చిన్న వర్క్‌షాపులకు వచ్చుచున్నవి.

లోపము తరచుగా ఎయిర్‌బ్యాగులో గాక తీగలలో నుండును. సీటును జరుపగా జరుపగా దాని క్రింది పసుపుపచ్చ కనెక్టరు వదులగును. స్టీరింగు లోపల చుట్టయై యుండు క్లాక్‌స్ప్రింగు అను పలుచని పట్టీ తెగును; అప్పుడు హారను గూడ పలుకకపోవుట మంచి ఆనవాలు. స్కానరుతో కోడు చదివిన పిదప బ్యాటరీ తీగ విప్పి, తయారీదారుల పుస్తకము చెప్పినంతసేపు ఆగవలెను. కంట్రోలు యూనిట్‌లోని కెపాసిటరులో విద్యుత్తు ఇంకను నిలిచి యుండును. సాధారణ మల్టీమీటరుతో ఎయిర్‌బ్యాగును కొలువనే రాదు. మీటరు పంపు కొద్దిపాటి కరెంటుకే అది ప్రేలవచ్చును. అందుచేత దానిని విప్పి, ఆ స్థానమున సుమారు 2 ఓముల రెసిస్టరు నుంచి, బ్యాటరీ కలిపి మరల కోడు చూతురు. లోపము కనబడకున్నచో తప్పు ఎయిర్‌బ్యాగుది. అట్లే నిలిచినచో తీగలది, లేదా కనెక్టరుది.

చిక్కంతయు ఇచ్చటనే వచ్చినది. పరీక్షకై పెట్టిన ఆ రెసిస్టరునే లోపల వదలివేసి, దీపము ఆరినదని కారు నప్పగించువారు కలరు. కొత్త ఎయిర్‌బ్యాగు వేలతో పని; రెసిస్టరు ఒక చాయ్ ఖరీదైనను చేయదు. కొన్నవాడు ఆరిన దీపమును చూచి నిశ్చింతగా పిల్లలను ఎక్కించుకొనును. ఢీకొన్న నాడు సెకండులో సుమారు ముప్పదవ వంతున విచ్చుకొనవలసినది అచ్చట లేనే లేదు! మెకానిక్కు నొక్కనినే నిందించుట న్యాయమని మేము తలపము. "దీపము ఆరితే చాలు" నని బేరమాడు యజమానియు ఇందు భాగస్వామియే. ఉస్తాదు చేసినదే షాగిర్దు నేర్చుకొనును.

మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఓమ్ నియమమును ఏటేట చేయించుచున్నారు. ఆ బల్లమీదనే పాత కారు స్టీరింగు, తీగలు, కంట్రోలు యూనిట్, ఒక స్కానరు ఉంచవలెనని కాలేజీ కమిటీవారిని కోరుచున్నాము. ఎయిర్‌బ్యాగు మాత్రము వలదు. దానికి బదులు రెసిస్టరు చాలును. సెలవులలో వర్క్‌షాపులకు పోవు విద్యార్థులే మొదటి జట్టుగా చేరుదురు.