పాత గ్రామఫోనుకు గొంతు తెచ్చుట

మన పెద్దల యిండ్లలో అటకమీదనో మంచముక్రిందనో మూలబడియున్న కీ గ్రామఫోను పెట్టెలు నేటికిని అక్కడక్కడ కనబడుచున్నవి. కొందరు వానిని పాతసామానులవానికి తూకమున కిచ్చివేయుచున్నారు. మరికొందరు ఇత్తడి భాగములను తళతళలాడ తోమి చావడిలో అలంకారముగా నుంచుచున్నారు. ఇంకను కొందరు ఉత్సాహము పట్టలేక, అప్పటికప్పుడే కీ త్రిప్పి, డబ్బాలో మిగిలిన తుప్పుముల్లును తగిలించి, ఒక ప్లేటు పెట్టుదురు. ఈ మూడు తెగలవారిలో ఎక్కువ నష్టము కలిగించువారు ఈ కడపటివారే. పెట్టె పాడైనను మరల బాగుచేయవచ్చును. ప్లేటుమీది గాడి అరిగిపోయినచో అందలి కంఠము మరల రాదు.

కావున ముందుగా ప్లేటు స్వభావమును తెలిసికొనవలెను. ఎమిలి బెర్లినర్ అనునతడు 1887లో బల్లపరుపుగా నుండు ప్లేటుమీద ధ్వనిని గీయు పద్ధతిని కనుగొనెను. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్‌గారి గానము ప్లేట్లకెక్కినది. అటుపిమ్మట మన నాటకపద్యములు, కీర్తనలు, హరికథలు ఈ ప్లేట్లద్వారా ఊరూరికి చేరినవి. శంకరంబాడి సుందరాచారిగారి గేయము ‘మా తెలుగుతల్లికి’ టంగుటూరి సూర్యకుమారిగారి కంఠమున ప్లేటుగా వచ్చి ఇంటింట మ్రోగినది. ఈ నల్లని ప్లేట్లు లక్కతో చేసినవి. లక్కలో మెత్తని రాతిపొడి కలిపియుందురు. ముల్లు గాడిలో నడచునపుడు ఆ పొడి ఆకురాయివలె ముల్లును అరగదీసి, గాడికి సరిపోవు రూపమునకు తెచ్చును. ఒక ప్రక్క ముగియునప్పటికి ముల్లుమొన చదునై అంచులు పదునెక్కును. అదే ముల్లుతో రెండవ ప్లేటు పెట్టినచో ఆ అంచులు గాడిని గోకివేయును. పైగా సౌండుబాక్సు బరువు నూరుగ్రాములకు మించి ఆ మొనమీదనే పడును. ఒక్కొక్క ప్రక్కకు ఒక్కొక్క క్రొత్త ఉక్కుముల్లు అని పెద్దలు పెట్టిన నియమమునకు కారణమిదియే.

ఇక మరమ్మతు సంగతి. మొదట యంత్రమును చూడవలెను. కీ త్రిప్పినపుడు లోపలి ఉక్కుపట్టీ బిగిసి చుట్టుకొనును. అది మెల్లగా విడివడుచు పళ్లచక్రములద్వారా ప్లేటును త్రిప్పును. వేగమును నిలుకడగా నుంచుటకు మూడు చిన్న గుండ్లుగల గవర్నరు కలదు. ఏండ్లు గడచినకొలది గ్రీజు ఎండి బంకగట్టును. పాట నడుమ డబడబమని చప్పుడు వచ్చుట, ప్లేటు ఆగి ఆగి తిరుగుట దీని లక్షణములు. చక్రములమీది జిడ్డును కిరసనాయిలులో ముంచిన కుంచెతో తీసి, ఆరిన పిదప ఇరుసులకు ఒక్కొక్క చుక్క కుట్టుమిషను నూనె వేయవలెను. గవర్నరును ఒరయు చిన్న తోలుమెత్తకును ఒక చుక్క చాలును. కొబ్బరినూనె, ఆముదము వంటివి తగవు. అవి కొంతకాలమునకు తామే జిగురుగా మారును. స్ప్రింగు నుండు డబ్బాను మాత్రము ఇంటిలో విప్పరాదు. ఆ పట్టీ ఒక్కసారిగా విడిపడినచో చేతిని చీల్చివేయగలదు. ఆ పని తెలిసినవానికే అప్పగింపుడు.

వేగమును పరీక్షించుట సులభము. ప్లేటు అంచున చిన్న కాగితపుముక్క నుంచి, ముల్లు పాటమీద నడచుచుండగా గడియారము చూచి లెక్కింపవలెను. నిమిషమునకు 78 చుట్లు, అనగా అరనిమిషమునకు 39 చుట్లు రావలెను. వేగము హెచ్చినచో పురుషకంఠము బాలుని కంఠమువలె వినబడును. తగ్గినచో పాట యీడ్చినట్లుండును. వేగమును సరిచేయు మీట ప్రక్కనే యుండును.

రెండవది సౌండుబాక్సు. గ్రామఫోను గొంతు ఇందే యున్నది. ముల్లు గాడిలో అటునిటు కదలుటను ఒక సన్నని కడ్డీ గ్రహించి బిళ్లకు అందించును. పాతవానిలో ఆ బిళ్ల అభ్రకముతో చేసినది; మన గూడూరు ప్రాంతపు గనులకు పేరు తెచ్చిన అభ్రకమువంటిదే. తరువాతివానిలో పలుచని అల్యూమినియము బిళ్ల యుండును. బిళ్లకు ఇరుప్రక్కల మెత్తని రబ్బరు వలయము లుండవలెను. కాలక్రమమున ఆ రబ్బరు రాయివలె గట్టిపడును. అప్పుడు బిళ్ల స్వేచ్ఛగా కంపింపజాలక గరగరలాడును. మనము ‘పాతబడినది, ఇంతే’ యని సరిపెట్టుకొను కర్కశధ్వనికి చాలవరకు కారణమిదే. అదే మందముగల మెత్తని సన్నని రబ్బరుగొట్టమును కత్తిరించి, రెండు కొసలు సందులేకుండ కలియునట్లు అమర్చినచో చాలును. కడ్డీ వదులైనచో చిటపట చప్పుడు, బిగువైనచో మూగధ్వని వచ్చును. అభ్రకపుబిళ్లను కడ్డీ తాకు నడిమిచోట మైనపుచుక్క రాలిపోయియున్న, క్రొత్త తేనెమైనము ఒక చుక్క కరగించి వేయవలెను.

మూడవది అతుకులు. సౌండుబాక్సు చేతికి తగులుకొనుచోటను, చేయి కొమ్ములో కలియుచోటను గాలి కారినచో మంద్రస్వరములు నశించును. అచ్చటి రబ్బరును మార్చి, కదలెడు అతుకునకు కొంచెము గ్రీజు పూయవలెను. కొన్ని భాగములు జింకుకలిపిన పోతలోహముతో చేసినవి. అవి కాలముచే ఉబ్బి పగుళ్లు తీయును. అట్టివానిని బలవంతముగా విప్పబోయిన ముక్కలగును.

మా వీధిలో ఒక వృద్ధురాలి యింట ఆమె మామగారు కొన్న పెట్టె కలదు. పద్యము వినబడునుగాని పదము తెలియదు. చూడవచ్చినవాడు పాత యంత్రము తీసివేసి, కరెంటు మోటారును స్పీకరును లోపల బిగించెదననెను. ఆమె యొప్పుకొనలేదు. మేము తెలిసినవానిచేత సౌండుబాక్సులోని రబ్బరు వలయములను, చేతివద్ద నున్న రబ్బరును మాత్రము మార్పించి, క్రొత్తముల్లు పెట్టించితిమి. పెండ్లినాడు తాను విన్న హరిశ్చంద్ర పద్యమును ఆమె కన్నులు మూసికొని విని, “మాట తెలియుచున్నదమ్మా!” అనెను. ధ్వని మునుపటికంటె పెద్దది కాలేదు, తేటపడినది. గ్రామఫోనుకు కోరదగిన మెరుగు ఇదియే.

ప్లేట్ల విషయమున కొన్ని జాగ్రత్తలు. స్పిరిటు లక్కను కరగించును. కనుక స్పిరిటుతోగాని, చేతులకు పూసికొను శానిటైజరుతోగాని వానిని తుడువరాదు. చల్లని నీటిలో ఒక చుక్క తేలికసబ్బు కలిపి, మెత్తని గుడ్డతో గాడివెంబడి తుడిచి, నడిమి కాగితము తడియకుండ వెంటనే ఆరబెట్టవలెను. ఒకదానిపై నొకటి పేర్చక, నిలువుగా నుంచవలెను. తరువాతికాలమున వచ్చిన వినైలు ప్లేట్లను ఈ పెట్టెమీద ఎన్నడును పెట్టరాదు. అవి మెత్తనివి, ఉక్కుముల్లు ఒక్కసారితోనే వాని గాడిని చెరచును.

కడపట ఒక మాట. మరియెక్కడను దొరకని ప్లేటు మీయింట నున్నచో, దానిని పెట్టెమీద పదేపదే త్రిప్పకుడు. కొలదిగ్రాముల బరువు మాత్రమే మోపు విద్యుత్పరికరముతో, 78 చుట్ల ప్లేట్లకు తగిన సూదితో, ముందుగా దాని నకలు తీయింపుడు. పలుచోట్ల దొరకు ప్లేట్లను పండుగలనాడు కీ యిచ్చి పిల్లలకు వినిపింపుడు. క్రొత్తముల్ల డబ్బా పెట్టెప్రక్కనే యుంచి, వాడినముల్లును వెంటనే పారవేయు అలవాటును వారిచేతనే చేయింపుడు. ఖర్చులో మిక్కిలి స్వల్పమైన ఆ ముల్లే, మన పూర్వుల కంఠములకు కాపు.