తెరిచి చూపని కాగితం

రైతుకూ కాగితానికీ ఉన్న తగవు ఈనాటిది కాదు. కరణం అడంగల్‌లో ఏం రాశాడో తెలియక, షావుకారు చూపించిన చోట వేలిముద్ర వేసి, ఆనక కోర్టుల చుట్టూ తిరిగినవాళ్ల కథలు మా ఆళ్లగడ్డ వైపు ఏ రచ్చబండ దగ్గర కూర్చున్నా వినబడతాయి. అప్పుడు మనకు చదువు లేదు, మోసపోయాం అని సరిపెట్టుకున్నాం. 1984లో కరణాల వ్యవస్థ పోయింది. 2015లో మీభూమి వచ్చి అడంగల్, 1-బి ఇంటర్నెట్టులోకి ఎక్కాయి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయింది, కలెక్టరాఫీసు పనికి కర్నూలు దాకా పోయే బాధ తప్పింది. 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో 161 ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకే వచ్చాయి. కాగితం రైతు జేబులోకి వచ్చేసిందని అందరం సంతోషించాం. వచ్చిన మాట నిజమే. అది జేబులో తెరుచుకుంటుందా అన్నదే నా ప్రశ్న.

మా నాయన పంటరుణం పనులకు ఒక యాప్ వాడతాడు. దాని పేరు ఇక్కడ అనవసరం, అట్లాంటివి చాలా ఉన్నాయి. కాగితం కోసం మీట నొక్కితే 'డౌన్‌లోడ్ అయింది' అని ఇంగ్లీషులో వస్తుంది. మళ్లీ నొక్కితే 'ఈ ఫైలును తెరిచే యాప్ లేదు' అంటుంది, అదీ ఇంగ్లీషులోనే. వెంటనే నాకు ఫోను.

"యాడికి పోయింది అబ్బీ కాగితం?"

"ఫైల్ మేనేజరులోకి పోయి చూడు నాయనా."

"అదేడుంది?"

నేను నంద్యాలలో, ఆయన ఆళ్లగడ్డలో. ఫోనులో ఎంత చెప్పినా తెగదు. చివరికి ఆయన బస్టాండు దగ్గర జిరాక్స్ అంగడికి పోయి, తాళం తీసిన ఫోనును అంగట్లో పిల్లోడి చేతికిస్తాడు. పిల్లోడు మంచోడే, కాదనను. కానీ అదే ఫోనులో బ్యాంకు మెసేజీలున్నాయి, ఓటీపీలు వస్తాయి, ఇంట్లో ఆడవాళ్ల ఫోటోలున్నాయి. ప్రింటుకిచ్చే పైసలు పోతే పోనీ, పరాయివాడి చేతిలో ఫోను పెట్టాల్సి రావడమే నాకు కష్టంగా ఉంది. వెనుకటికి షావుకారుకు వేలిముద్ర ఇచ్చాం, ఇప్పుడు జిరాక్స్ అంగడికి ఫోనే ఇస్తున్నాం!

ఎందుకిట్లా అవుతుంది? ఇప్పుడు చాలా యాప్‌లను ఆండ్రాయిడ్‌కు వేరుగా, ఐఫోనుకు వేరుగా రాయడం లేదు. ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్ వంటి సాధనాలతో ఒక్కసారి రాసి రెండింటి మీదా నడుపుతారు. ఖర్చు తగ్గుతుంది, మంచిదే. అయితే ఫైలు తెరవడం దగ్గర ఈ రెండు ఫోన్ల పద్ధతులు వేరు. ఐఫోనులో క్విక్ లుక్ అని ఒక ఏర్పాటుంది, ఫైలు దాని చేతికిస్తే అక్కడికక్కడే చూపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో వాడుక వేరు. 'పీడీఎఫ్ తెరవగలవాళ్లెవరయ్యా?' అని ఫోనులోని మిగతా యాప్‌లను కేకేయాలి, ఎవరూ పలకకపోతే అంతే సంగతులు. పైగా 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి ఒక యాప్ తన దగ్గరి ఫైలు చిరునామాను నేరుగా ఇంకో యాప్‌కు ఇవ్వడానికి వీల్లేదు, దానికి ప్రత్యేకంగా అనుమతి రాసివ్వాలి. ఆ సంగతి మరిచిన యాప్, తెరిచేవాళ్లు పక్కనే ఉన్నా, చతికిలబడుతుంది. రాసినవాడి బల్ల మీద ఖరీదైన ఫోను ఉంటుంది, అందులో అన్నీ తెరుచుకుంటాయి. పల్లెలో తెరుచుకోని సంగతి అతనికెట్లా తెలుస్తుంది?

మరొకరిని కేకేయకుండా యాప్ తనలోనే పేజీ చూపించవచ్చు గదా! 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5 నుంచీ పీడీఎఫ్ పేజీని బొమ్మగా గీసిచ్చే ఏర్పాటు ఫోనులోనే ఉంది. యాప్ బరువు పెరుగుతుందనే సాకు మామూలు పీడీఎఫ్ దగ్గర చెల్లదు. తాళం వేసిన పీడీఎఫ్‌ల సంగతి కొంచెం కష్టమే, పాత ఆండ్రాయిడ్‌లలో ఆ ఏర్పాటు వాటిని తెరవలేదు, వేరే సరంజామా జోడించాలి. ఈ-ఆధార్‌నే చూడండి, పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలూ, పుట్టిన సంవత్సరమూ కొడితేనే తెరుచుకుంటుంది. ఆ మాట తెలుగులో చెప్పే యాప్‌లు ఎన్ని?

ఇంకో ప్రమాదం ఉంది. పీఎం కిసాన్ పేరు పెట్టుకుని ఏపీకే ఫైళ్లు వాట్సాప్ గ్రూపుల్లోకి వస్తున్నాయి. అవి కాగితాలు కావు, ఫోనులో దిగి బ్యాంకు ఖాతా ఖాళీ చేసే దొంగ యాప్‌లు. వచ్చిన ఫైలునల్లా నొక్కి, అడిగినదానికల్లా సరేనని తెరవడం అలవాటైన రైతుకు కాగితమేదో, దొంగేదో ఎట్లా తెలుస్తుంది? నిజమైన పీడీఎఫ్ లోపల మొదట్లోనే శాతం గుర్తూ, ఆ వెంటనే పీ, డీ, ఎఫ్ అనే మూడక్షరాలూ ఉంటాయి. యాప్ పేరును నమ్మకుండా ఆ అక్షరాలు చూసి, పేజీని తనలోనే చూపిస్తే, అక్కడ దొంగ దిగడానికి చోటుండదు. పంపేటప్పుడూ ఇంతే. పాస్‌బుక్కు ఫోటో ఎక్కించే ముందు 'ఇదేనా?' అని పెద్దగా చూపిస్తే, మసక ఫోటో పంపి మళ్లీ ఆఫీసుకు తిరిగే పని తప్పుతుంది.

ఇంత చిన్న విషయానికి సావనీరులో పేజీ ఎందుకని అధ్యాపకులు అనుకోవచ్చు. చూడకుండా ఒప్పుకోవడం రైతుకు ఏనాడూ చిన్న విషయం కాలేదు సుమా!

మన కాలేజీలో చదివి బెంగళూరులో, హైదరాబాదులో ఇట్లాంటి యాప్‌లే రాస్తున్న అన్నలకూ అక్కలకూ ఒక మనవి. మీ యాప్‌ను జనం మీదికి వదిలే ముందు ఒక పాత ఆండ్రాయిడ్ ఫోను తెచ్చి, అందులో పీడీఎఫ్ తెరిచే యాప్‌లన్నీ తీసేయండి. భాష తెలుగుకు మార్చండి. తెలుగు అక్షరాలున్న ఒక 1-బి కాగితం రప్పించి మీట నొక్కండి. మొదటి పేజీ వత్తులు, గుణింతాలు చెదరకుండా అక్కడే కనబడుతోందా? కనబడకపోతే, ఎందుకు కనబడలేదో తెలుగులో ఒక్క వాక్యమైనా వస్తోందా? ఆ రెండూ చూశాకే ప్లే స్టోరులో పెట్టండి.