రక్తనాళ దానం

కోల్‌కతాలోని భారత గణాంక సంస్థలో 1957లో చేరిన శాస్త్రవేత్త హాల్డేన్ దేహం, ఆయన కోరిక మేరకు 1964లో కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది. దేహదానం విద్యార్థులకు పాఠమైతే, మరణానంతరం గంటల వ్యవధిలో సేకరించిన రక్తనాళం, కృత్రిమ నాళానికి చీము పట్టిన రోగి కాలిని నిలుపగలదు.

భద్రపరచునపుడు నాళాన్ని పాడుచేసేవి లోపల ఏర్పడే మంచు స్ఫటికాలు. కావున రక్షక ద్రావణంలో ఉంచి, నిమిషానికి సుమారు 1 డిగ్రీ చొప్పున చల్లబరచి, ద్రవ నైట్రోజన్ ఆవిరిలో దాచుతారు. కరిగించునపుడు తొందరపడితే గోడలు బీటలు వారవచ్చు. ఉక్కు గట్టితనం చల్లార్చే వేగాన్ని బట్టి మారునని ఇంజనీర్లమైన మేమెరుగుదుము. ఇక్కడా వేగమే కీలకం.

అయితే యంత్రాలకంటె ముందు కావలసినది కుటుంబ సభ్యుల అంగీకారం. దుఃఖ సమయంలో ఆ నిర్ణయం కష్టం. మన అభిమతాన్ని ఇంటిల్లిపాదికీ నేడే తెలియజేద్దాం.